గుంటూరు మీదుగా సాగిన నీడ

కొన్ని తేదీలు చరిత్ర పుస్తకాలవి, కొన్ని పంచాంగాలవి. రెండింటిలోనూ చోటు సంపాదించుకున్న తేదీ ఒకటి తెలుగునేలకు ఉన్నది: 1868 ఆగస్టు 18. ఆనాటి ఉదయం చంద్రుని నీడ అరేబియా సముద్రాన్ని దాటి, దక్కను పీఠభూమి మీదుగా పరుగెత్తి, గుంటూరునూ మచిలీపట్నాన్నీ కాసేపు చీకటిలో ముంచి, బంగాళాఖాతంలోకి జారుకున్నది. ఆ నీడను మొన్నొక రాత్రి మా ఇంటి కంప్యూటరు తెర మీద చూశాను. నీలి భూగోళం మీద చిన్న నల్లని మచ్చ, దాని చుట్టూ మసక. ఒక మీట నొక్కితే ఆగింది. మరొకటి నొక్కితే వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

ముచ్చట తీరిన తరువాత ఒక సందేహం మిగిలింది. నేను చూసినది ఆనాటి గ్రహణాన్నేనా? కాకుంటే మరి దేనిని చూశాను? ఈ సందేహం పట్టుకుని కొంత చరిత్రలోకి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ దొరికినదాన్ని ఇక్కడ పంచుకుంటున్నాను.

నేను వాడిన సాఫ్ట్‌వేరు పేరు సెలెస్టియా. క్రిస్ లారెల్ అనే ప్రోగ్రామరు దీన్ని 2001లో తొలిసారి విడుదల చేశారు. ఇది ఉచితమే కాదు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కూడా. దీని మూలరచనను ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు. దాదాపు అదే కాలంలో ఫాబియన్ షెరో అనే ఫ్రెంచి ప్రోగ్రామరు స్టెల్లేరియం అనే మరొక స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు పునాది వేశారు. రెండింటి స్వభావం వేరు. స్టెల్లేరియం ప్రధానంగా మనల్ని మన ఊరి నేల మీద నిలబెట్టి, తల ఎత్తించి, ఆకాశాన్ని చూపిస్తుంది. సెలెస్టియా మనల్ని నేల మీదనుంచే ఎత్తుకుపోతుంది. ఎంటర్ మీట నొక్కి, శనిగ్రహం పేరు ఇంగ్లీషులో టైపు చేసి, మళ్ళీ ఎంటర్ నొక్కి, ఆపైన జి అక్షరం నొక్కితే క్షణాల్లో శని వలయాల ముందు ఉంటాం. ఎల్ నొక్కితే కాలం పదిరెట్లు వేగం పుంజుకుంటుంది, కె నొక్కితే అంతే నెమ్మదిస్తుంది, జె నొక్కితే వెనుదిరుగుతుంది. కాలపురుషుడికి ఇన్ని పగ్గాలు వేయవచ్చునని మన పూర్వులెవరూ ఊహించి ఉండరు.

ఈ ఇంద్రజాలం వెనుక రెండు పెద్ద లెక్కల మూటలు ఉన్నాయి. మొదటిది గ్రహాల గతులకు సంబంధించినది. పారిస్‌లోని బ్యూరో దె లాంజిట్యూడ్ అనే సంస్థలో పియెర్ బ్రెతన్యోఁ, జెరార్ ఫ్రాంకూ అనే ఇద్దరు 1987లో తయారు చేసిన గణిత సిద్ధాంతం అది. ఒక గ్రహం ఫలానా క్షణాన ఎక్కడ ఉంటుందో చెప్పడానికి వేలకొద్దీ చిన్నచిన్న ఆవృత్తులను కూడుకుంటూ పోవడం దాని పద్ధతి. మన సిద్ధాంతులు మందఫలం, శీఘ్రఫలం అంటూ ఒకటి రెండు సవరణలతో చేసిన పనినే వేల సవరణలతో చేయడమన్నమాట. రెండవ మూట నక్షత్రాలది. 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన 1,18,218 నక్షత్రాల పట్టిక 1997లో వెలువడింది. సెలెస్టియాలో మనం సూర్యుణ్ణి దాటి దూరంగా పోయినప్పుడు నక్షత్ర మండలాల ఆకారాలు చెదిరిపోవడానికి కారణం ఆ పట్టికలోని దూరాలే.

సౌరకుటుంబాన్ని ఇంట్లోకి తెచ్చుకోవాలన్న కోరిక మాత్రం కంప్యూటర్లకంటె చాలా పాతది. పద్ధెనిమిదవ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండులో పళ్ళచక్రాలతో, ఇత్తడి గోళాలతో చిన్న యంత్రాలు చేశారు. పిడి తిప్పితే భూమి సూర్యుని చుట్టూ, చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాయి. అటువంటిదొకటి ఆరరీ ప్రభువైన చార్లెస్ బాయిల్ దగ్గర ఉండేది కనుక ఆ యంత్రాలకు ఆరరీ అన్న పేరే స్థిరపడింది. అవి ప్రభువుల ఇళ్ళకు అలంకారాలు. సామాన్యుని ఇంటికి సౌరకుటుంబాన్ని తెచ్చినవాడు మరొకడున్నాడు. నెదర్లాండ్సులోని ఫ్రానెకర్ పట్టణవాసి ఐసె ఐసింగ, వృత్తి ఉన్ని ఏకడం.

1774 మే 8న చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురువు ఆకాశంలో ఒకచోట చేరబోతున్నారని, దానివల్ల భూమి తన కక్ష్యనుంచి తొలగి సూర్యునిలో పడి దగ్ధమవుతుందని ఆ ప్రాంతంలో ఒక కరపత్రం వెలువడింది. జనం బెదిరిపోయారు. ఆ ఏడాదే ఐసింగ తన నివాసగృహపు పైకప్పు మీద కదిలే సౌరకుటుంబాన్ని నిర్మించడం మొదలుపెట్టాడు. చెక్క వలయాలు, వాటికి పళ్ళుగా ఇనుప మేకులు, నడిపించడానికి ఒక లోలకపు గడియారం. పది లక్షల కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు చొప్పున కొలత. ఏడేళ్ళు పట్టింది; 1781లో పని ముగిసింది. ఆ యంత్రం ఈనాటికీ నడుస్తూనే ఉంది. 2023లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

అదే 1781 మార్చిలో ఇంగ్లండులో విలియం హెర్షెల్ యురేనస్‌ను కనుగొన్నాడు. ఐసింగ పైకప్పు మీద శని తరువాత ఏ గ్రహమూ లేదు. ఏడేళ్ళ శ్రమ పూర్తయిన సంవత్సరమే ఆ శ్రమ అసంపూర్ణమని తేలిపోయింది. దీన్ని మనసులో ఉంచుకోండి. మళ్ళీ ఇక్కడికే వస్తాము.

కూటములకు బెదరడంలో మనమేమీ తక్కువ తినలేదు. 1962 ఫిబ్రవరి తొలి వారంలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి జరిగినప్పుడు దేశమంతటా హోమాలు, శాంతులు జరిగిన సంగతి పెద్దలు చెప్పగా చాలామంది వినే ఉంటారు. నేను సెలెస్టియాలో తేదీని 1962 ఫిబ్రవరి 5కు మార్చాను. భూమి పక్కన నిలబడి చూస్తే నిజమే. సూర్యుడు, చంద్రుడు, బుధుడు, శుక్రుడు, కుజుడు, గురువు, శని ఒకే మూలన గుమిగూడి ఉన్నారు. ఎనిమిదవ గ్రహమైన కేతువు కోసం వెతకనక్కర లేదు. అతడు సూర్యచంద్రుల మార్గాలు ఖండించుకునే బిందువే తప్ప, గీయడానికి శరీరం లేనివాడు. ఇక సౌరకుటుంబం మొత్తం కనిపించేంత ఎత్తుకు పోయి కిందికి చూశాను. కుజుడు, గురువు, శని సూర్యునికి ఆవలి వైపున, ఎవరి కక్ష్యలో వారు విడివిడిగా ఉన్నారు. శనికీ మనకూ మధ్య 150 కోట్ల కిలోమీటర్లకు పైగా ఎడం. గుంపు అన్నది మనం నిలబడిన చోటులోనే ఉంది, గ్రహాలలో లేదు. ఈ మాట ఎన్ని పుస్తకాలలో చదివినా రాని నిశ్చింత ఆ ఒక్క చూపుతో వచ్చింది. ఐసింగ తన పొరుగువారికి ఇవ్వదలచుకున్నది కూడా ఇటువంటి చూపునే అని నా నమ్మకం.

చక్రాల తరువాత కాంతి వచ్చింది. 1923లో మ్యూనిక్ నగరంలోని డాయిచెస్ మ్యూజియంలో జైస్ కంపెనీ తయారుచేసిన ప్రొజెక్టరు గుమ్మటం మీద నక్షత్రాలను వెలిగించి చూపింది. 1985లో హైదరాబాదు నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం తెరుచుకున్నాక తెలుగు పిల్లలకూ ఆ అనుభవం అందింది. అయితే గుమ్మటం కింద కుర్చీలో కూర్చున్నవాడికి చూపించేవారు చూపినదే ఆకాశం. ఇంటి కంప్యూటరు ఆ పగ్గాలను చూసేవాడి చేతికే ఇచ్చింది. ఎక్కడ నిలబడాలో, ఏ క్షణంలో నిలబడాలో మనమే ఎంచుకుంటాం. నేను 1868 నాటి గుంటూరును ఎంచుకున్నాను.

అనుకున్నంత తేలిక కాలేదు. సాఫ్ట్‌వేరు లెక్కించేది విశ్వజనీన కాలం. మనకు అలవాటైన భారత ప్రామాణిక కాలం 1906లో గాని అమలులోకి రాలేదు. అంతకు ముందు ఊరి రేఖాంశాన్ని బట్టి ఆ ఊరి సమయం. గుంటూరు ఉన్నది 80.4 డిగ్రీల తూర్పున. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే ఆనాటి గుంటూరు గడియారం గ్రీనిచ్‌కంటె సుమారు 5 గంటల 22 నిమిషాలు ముందుండాలి. ఆ లెక్క వేసుకుని, గుంటూరు అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి, కాలాన్ని మెల్లగా నడిపించాను. ఉదయం తొమ్మిది గంటల ప్రాంతాన నల్లని మచ్చ అక్కడికి చేరింది. సెలెస్టియాలో గ్రహణాలను వెతికిపెట్టే సాధనం ఒకటి వేరే ఉంది. కాని ఇలా తడుముకుంటూ వెతుక్కోవడంలో ఉన్న ఆనందం దానిలో లేదు.

ఆ మచ్చ కింద ఆ ఉదయం ఎవరెవరు ఉన్నారు? గుంటూరులోనే రెండు బృందాలు: ఫ్రాన్సునుంచి వచ్చిన పియెర్ జాన్సెన్, ఇంగ్లీషువారి తరఫున మేజర్ టెనంట్. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్. నైజాం రాజ్యంలోని వనపర్తిలో అదే వేధశాలకు చెందిన చింతామణి రఘునాథాచార్యులు. ఇంకా పడమట జంఖండిలో లెఫ్టినెంట్ జాన్ హెర్షెల్. యురేనస్‌ను కనుగొన్న ఆ హెర్షెల్‌కు మనుమడు. నీడ బంగాళాఖాతం దాటాక సయాం దేశంలో దానికోసం ఎదురుచూసినవాడు ఆ దేశపు రాజు మాంగ్‌కుట్. గ్రహణాన్ని స్వయంగా గణించి చెప్పి, పరివారంతో చిత్తడి అడవిలోకి వెళ్ళి చూసి, అక్కడ సోకిన జ్వరంతో అక్టోబరు 1న కన్నుమూశాడు.

వీరందరూ గ్రహణం పడుతుందా లేదా అని చూడటానికి రాలేదు. అది లెక్కల్లో ఎప్పుడో తేలింది. వారి చేతుల్లో ఉన్న కొత్త పరికరం వర్ణపటదర్శిని. సూర్యబింబం పూర్తిగా మరుగుపడినప్పుడు అంచున ఎర్రగా కనిపించే జ్వాలలు దేనితో ఏర్పడినవో అంతవరకు ఎవరికీ తెలియదు. ఆగస్టు మాసం, వానాకాలం. ఏ మబ్బు అడ్డం వచ్చినా వేల మైళ్ళ ప్రయాణం వృథా. గుంటూరులో ఆకాశం కరుణించింది. చీకటి ఉన్న ఆ కొద్ది నిమిషాల్లో జాన్సెన్ జ్వాలలకేసి పరికరాన్ని తిప్పి చూస్తే, ప్రకాశవంతమైన రేఖలు కనిపించాయి. అంటే అవి వెలుగుతున్న వాయువులు, ప్రధానంగా హైడ్రోజను. ఆ రేఖలు ఎంత తీక్ష్ణంగా ఉన్నాయంటే, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చునని అతనికి అక్కడికక్కడే తోచింది. మరునాడు, ఆగస్టు 19 ఉదయం, గుంటూరులోనే మామూలు సూర్యుని అంచున వాటిని మళ్ళీ చూశాడు. అంతవరకు కొద్ది నిమిషాల గ్రహణానికి బందీగా ఉన్న శాస్త్రం ఆ ఉదయంతో విడుదలైంది.

అక్టోబరు 20న ఇంగ్లండులో నార్మన్ లాకియర్ స్వతంత్రంగా ఇదే పద్ధతిని సాధించాడు. ఇద్దరి వార్తలూ పారిస్ విజ్ఞాన అకాడమీకి ఒకే రోజున చేరాయి. తరువాత ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒక పతకం ముద్రించింది.

హీలియం పుట్టినిల్లు గుంటూరు అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నేనూ చెప్పుకున్నాను. అందులో కొంత సవరణ అవసరం. ఆనాడు గుంటూరులో కొత్త మూలకాన్ని కనుగొన్నానని జాన్సెన్ ప్రకటించలేదు. జ్వాలల వర్ణపటంలో ఒక పసుపు రేఖ ఆనాటి పరిశీలకులలో కొందరికి కనిపించింది. సోడియం రేఖలకు బాగా సమీపంలో ఉండటంవల్ల అది సోడియమే కాబోలునని భావించినవారున్నారు. అది సోడియం స్థానానికి సరిపోదని తేల్చి, భూమి మీద తెలియని పదార్థానిదై ఉండాలన్న ఆలోచనకు వచ్చినవాడు లాకియర్. సూర్యునికి గ్రీకులు పెట్టుకున్న పేరునుంచి హీలియం వచ్చింది. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంనుంచి ఆ వాయువును పట్టుకునేదాకా చాలామంది నమ్మలేదు. కనుక హీలియం ఒక ఊరిలో ఒక ఉదయం పుట్టినది కాదు. దానికి ఇరవై ఏడేళ్ళ పురిటినొప్పులు ఉన్నాయి. గుంటూరుకు దక్కవలసిన గౌరవం వేరే ఉంది: సూర్యుని జ్వాలలను గ్రహణం లేకుండా మొట్టమొదట చూసిన ఊరు అది. అదేమీ తక్కువ కాదు.

ఇప్పుడు మళ్ళీ తెర దగ్గరికి వస్తాను. చంద్రుని నీడ గుంటూరు మీద ఆగి ఉంది. దాన్ని వదిలి భూమి మీదికి దిగి సూర్యునివైపు తిరిగాను. నల్లని చంద్రబింబం సూర్యుణ్ణి సరిగ్గా కప్పింది. ఎంత దగ్గరగా చూసినా ఆ అంచున జాన్సెన్ చూసిన జ్వాలలు లేవు, ఆ పసుపు రేఖ అసలే లేదు. ఉండే వీలు లేదు. సెలెస్టియాకు తెలిసినది సూర్యచంద్రులూ భూమీ ఏ క్షణాన ఎక్కడెక్కడ ఉంటారన్నది మాత్రమే. అంటే 1868 ఆగస్టు 17 రాత్రికే అందరికీ తెలిసి ఉన్న విషయాన్ని అది నాకు ఎంతో సొగసుగా చూపించింది. 18 ఉదయం కొత్తగా తెలిసిన విషయాన్ని చూపించలేకపోయింది. ఐసింగ పైకప్పు మీద యురేనస్ లేనట్లే, నా తెర మీద ఆ ఉదయపు ఆవిష్కరణ లేదు.

ఇది సాఫ్ట్‌వేరు మీద నింద కాదు. దాన్ని తయారుచేసినవారికి ఈ సంగతి బాగా తెలుసు. అందుకు నాకు ఒక ఆధారం దొరికింది. యురేనస్ ఉపగ్రహాలను వాయేజర్-2 నౌక 1986 జనవరిలో దాటిపోయినప్పుడు వాటి దక్షిణార్ధాలు మాత్రమే ఎండలో ఉన్నాయి. ఉత్తరార్ధాలను దాదాపుగా ఎవరూ చూడలేదు. సెలెస్టియా మామూలుగా ఆ చీకటి సగాన్ని కూడా ఊహించి నింపి, నిండైన గోళాన్ని చూపిస్తుంది. అయితే మౌసు కుడి మీట నొక్కితే వచ్చే పట్టికలో ప్రత్యామ్నాయ ఉపరితలం ఒకటి ఉంటుంది. దాని పేరు జ్ఞానపు హద్దు. దాన్ని ఎంచుకుంటే ఊహ తొలగిపోయి, నిజంగా చూసినంత మేరకే పటం మిగులుతుంది. నాకు ఈ సాఫ్ట్‌వేరు మొత్తంలో అన్నిటికంటె నచ్చినది ఆ చిన్న ఏర్పాటు. 2015 జులై 14న న్యూ హొరైజన్స్ నౌక ప్లూటో పక్కగా పోయేదాకా మనం తెరల మీద చూసిన ప్లూటోలకు హబుల్ దూరదర్శిని పట్టుకున్న మసక మచ్చలకు మించిన ఆధారం లేదు. ఆ రోజు వచ్చిన చిత్రంలోని హృదయాకారపు మంచు మైదానాన్ని ఏ చిత్రకారుడూ ముందుగా ఊహించలేదు.

మన భాషలో దీనికి తగిన మాట ఎప్పటినుంచో ఉంది: దృగ్గణితం. కంటికి కనిపించేదీ లెక్కకు వచ్చేదీ ఒకటయ్యేలా చూసుకునే గణితం. వనపర్తికి వెళ్ళిన రఘునాథాచార్యులు ప్రకటించిన పంచాంగం పేరు కూడా దృగ్గణిత పంచాంగమే. దూరదర్శిని పక్కన రాత్రులు గడిపి, మార్పుచెందే నక్షత్రాన్ని కనుగొన్న మనిషి ఆయన. పాత లెక్క ఆకాశంతో పొసగనప్పుడు మార్చుకోవలసినది లెక్కనే అని ఆయనకు తెలుసు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటబోయే ముందు, అది ఏమిటో జనానికి వివరిస్తూ ఇంగ్లీషులోనూ, కొన్ని దేశభాషల్లోనూ చిన్న పుస్తకం వెలువరించారు. ఆ ఉదయం విశాఖపట్నంలో, గోడే వెంకట జగ్గారావుగారు 1840లో నెలకొల్పిన స్వంత వేధశాలలో, ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ సంక్రమణాన్ని పరిశీలించారు. ప్రపంచమంతటా ఎందరో అదే ఉదయం అదే పనిలో ఉన్నారు; సూర్యునికీ మనకూ మధ్య దూరం తేల్చడం వారి లక్ష్యం. ఆశించినంత కచ్చితత్వం రాలేదు. 1961లో శుక్రునిమీదికి రాడారు తరంగాలు పంపి ప్రతిధ్వని అందుకున్నాక గాని ఆ దూరం గట్టిగా తేలలేదు. ఈనాడు ప్రామాణికంగా నిర్ణయించిన 14,95,97,870.7 కిలోమీటర్లన్న అంకెలో విశాఖలో కన్ను చికిలించుకుని నిలబడ్డ ఆ పెద్దమనిషి ఓపికకు కూడా నేను వాటా కట్టుకుంటాను.

అప్పుడు నా సందేహానికి సమాధానం తట్టింది. నేను తెర మీద చూసినది గణితాన్ని. అది దృక్కు వేషం వేసుకుని వచ్చింది, అంతే. వేషం ఎంత చక్కగా కుదిరినా, దృక్కు పని అది చేయలేదు. ఎక్కడికి వెళ్ళాలో, ఎప్పుడు వెళ్ళాలో గణితం చెబుతుంది. వెళ్ళి చూడవలసినది మనమే. చూసినప్పుడే లెక్కలో లేనిది ఏదైనా కనిపించే అవకాశం.

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణపు బాట మళ్ళీ తెలుగునేల మీదుగా సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్-రంగాపూర్ వేధశాల ఆ బాటలోనే ఉండి పరిశీలనలు జరిపింది. ఇళ్ళలో మాత్రం చాలామంది తలుపులు బిగించుకుని కూర్చున్నారు. ఆ మధ్యాహ్నాన్ని నేను తెర మీద ఎన్నిసార్లయినా నడిపించగలను. తలుపు వెనుక కూర్చున్న ఒక్కరికి కూడా దాన్ని తిరిగి ఇవ్వలేను.

2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా కంకణాకార గ్రహణం, 2034 మార్చి 20న లడాఖ్ ప్రాంతాలకు సంపూర్ణ గ్రహణం ఉన్నాయి. సెలెస్టియాలో ఆ తేదీలు వేసి, నీడ ఏ దారిన పోతుందో చూసుకోండి. ఆ దారి కాగితం మీద రాసుకోండి. కంటికి తగిన రక్షణ సంపాదించుకోండి. ఆ రోజున మాత్రం కంప్యూటరు కట్టేసి, తలుపు తీసి బయటికి రండి.